మేతకు గడి లేదు

మండలాఫీసు గోడకు ఆనుకొని నా దుకాణం.
ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు.
చలివాగు పొంగి దిగిన వారం
అందరు బురదకాళ్లతోనే వచ్చిన్రు
నానిన పాసుబుక్కులు దోసిట్ల పట్టుకొని.
ఇంట్ల నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చి
ఒక్కొక్క పేజీ ఆరబెట్టి నకలు తీసిచ్చిన.

కట్ల ఓదెలు చేతుల మాత్రం ఏం లేదు.
భుజం మీద గొంగడి, ఇంకా నీళ్లు కారుతనే ఉన్నది.
"బిడ్డా, నాది గూడ రాయి."
"ఏం పోయింది పెద్దనాయినా?"
"మేత."

వెతికిన.
పంట నష్టం, గడి ఉంది.
ఇల్లు కూలుడు, గడి ఉంది; సగం కూలితె వేరే గడి.
గొర్రె సచ్చుడు, ఉంది,
శవం ఫోటో, డాక్టరు సంతకం జతపరచాలె.
ఇసుక మేట, ఉంది, సర్వే నంబరు తప్పనిసరి.
మేతకు లేదు.

"గొర్లు ఎన్ని సచ్చినయి?"
"ఒక్కటి గూడ సావలె! రాత్రికి రాత్రి గుట్టెక్కిచ్చిన,
మొన్న ఈనిన పిల్లలను గొంగట్ల మూటగట్టి."
ఆ మాట ఎంత గొప్పగ చెప్పిండని!
నేను ఆ గడిల సున్నా కొట్టిన.

గిర్దావరు సారు చాయ్ కోసం బయటికొచ్చి
మందను ఎగాదిగా చూసిండు.
"నిలవడే ఉన్నయి గద, నష్టమేంది?"
"పొయ్యి కొట్టుకపోయినంక సారూ,
మనిషి ఎన్నొద్దులు నిలవడుతడు?"
సారు చాయ్ ఊదుకుంట లోపలికి పోయిండు.

వాగొడ్డున చెంగలి, గరిక, నెండ్ర...
ఓదెలు ఒక్కో పేరు చెప్తుంటే
ఇంట్ల పోయినోళ్ల పేర్లు విన్నట్టుండె.
ఇప్పుడక్కడ మోకాలెత్తు ఇసుక.
గొర్లు పోయి మూతి పెట్టి
తుమ్ముకుంట మర్లొస్తున్నయట.
పత్తిచేన్లకు తోలుదామంటె మందు వాసన,
వరిగడ్డి మోపు మొన్న ఎనభై, ఇయ్యాల నూటయాభై.

"ఆ జాగ ఎవరిది?"
"గడ్డిది."
"పట్టా ఎవరి పేరు మీదున్నది?"
నవ్విండు. "ముప్పై ఏండ్ల సంది మేపుతున్న,
గొర్లు అడగలె, నేనడగలె."

ఆఖరికి నేనే తెలివి చేసిన.
మేతను మేట అని కొట్టిన.
తకు బదులు ట. ఒక్క అక్షరమే గద.
సర్వే నంబరు నేనే వెతికి పెట్టిన.

రెండు నెలలకు పైసలు పడ్డయి,
హన్మకొండల ఉండే ప్లాటు ఆసామికి.
ఫోను మోగేదాక ఆయనకు
అక్కడ వాగున్న సంగతే ఎరుక లేదేమో.
అప్పటికి ఓదెలు పదకొండు గొర్లమ్మి
మిగిలినవాటికి గడ్డి కొన్నడు.
గొర్రెనమ్మి గొర్రెకు పెట్టుడు.
ఈ లెక్కకు శేషం ఎప్పుడో ఒకనాడు సున్నానే.

నేను తలకాయ ఎత్తలె. ఆయన తిట్టలె.
రెండో దరఖాస్తుకొచ్చిండు.
"సారు ఆధారం తెమ్మన్నడు బిడ్డా,
అక్కడ గడ్డి ఉండెననే ఆధారం."
రుమాలు ముడి ఇప్పిండు.
ఇసుక తవ్వి తీసిన గరిక, ఏర్లతోని,
కణుపు కాడ తెల్లగ ఇంకో మొలక.
"దీన్ని జిరాక్సు తియ్యి."

అద్దం మీద పరిచి మూత మూసిన.
వెలుగు అటుపోయి ఇటొచ్చింది.
నల్లగ, ముసలి చేతి నరాల లెక్క,
అచ్చుపడ్డది గరిక.
రెండు కాపీలు. పైసలు వద్దన్న.
నాలుగు రూపాయలు బల్ల మీద పెట్టే పోయిండు.

ఆ దరఖాస్తు ఏమైందో తెల్వది.
ఏర్లకంటిన ఇసుక మాత్రం అద్దాన్ని గీరింది.
ఎంత తుడిచినా పోదు ఆ సన్నటి గీత.
అప్పటి సంది నేను తీసే ప్రతి కాయితం మీద,
ఆధారు మీద, పట్టా మీద,
మొన్న ఎవరిదో పెండ్లి పత్రిక మీద గూడ
కింది మూలకు ఒక గడ్డిపోస మొలుస్తది.

సార్లు సూసుకోరు.
దాని మీదనే ముద్ర గుద్దుతున్నరు.